బిళ్లను తిప్పి చూడండి

పాత వస్తువులు, పాత కాలాలు – 14వ భాగం

1934 మే 1న జర్మనీ అంతటా లక్షలాది మంది కోటు మీద ఒకే రేకు బిళ్ల కనిపించింది. దాని మీద మహాకవి గోథే ముఖం, రెక్కలు చాచిన గద్ద, స్వస్తిక ఉన్నాయి. వాటితోపాటు సుత్తి, కొడవలి కూడా ఉన్నాయి! హిట్లర్ గద్దెనెక్కి అప్పటికి ఏడాది దాటింది. కమ్యూనిస్టు పార్టీని నిషేధించారు, దాని నాయకులు ఎందరో నిర్బంధ శిబిరాల్లో ఉన్నారు. అలాంటి రోజుల్లో నాజీ బిళ్ల మీద సుత్తీ కొడవలీ ఎలా వచ్చాయి? కొత్తగా సేకరణ మొదలుపెట్టినవాళ్లు చాలామంది దీన్ని చూడగానే నకిలీ అని తేల్చేస్తారు. ఏ దేశంలోనో తెలివి తక్కువ ఫ్యాక్టరీ రెండు జెండాలనూ కలిపేసిందని నవ్వుకుంటారు.

కానీ ఆ బిళ్ల అసలైనదే. గీసింది మ్యూనిక్ పతక శిల్పి రిచర్డ్ క్లైన్. సుత్తి కార్మికుడికి, కొడవలి రైతుకు, గోథే చదువుకున్నవాడికి గుర్తులు. వీళ్లందరూ ఇకనుంచి ఒకే గద్ద నీడన ఉంటారని చెప్పడం దాని ఉద్దేశం. 1933లో నాజీలు మే డేను జీతంతో కూడిన సెలవుగా ప్రకటించి, మర్నాడే, అంటే మే 2న, కార్మిక సంఘాల కార్యాలయాల మీద పడి వాటిని స్వాధీనం చేసుకున్నారు. కార్మికుల పండుగను, కార్మికుల గుర్తులను కూడా వాళ్ల దగ్గరనుంచి లాక్కున్నారు. ఈ సంగతి తెలిస్తే బిళ్ల మీది బొమ్మ వింతగా అనిపించదు.

గత వారం నాజీ పార్టీ మహాసభలు జరిగిన న్యూరెంబర్గ్ మైదానం గురించి చెప్పుకున్నాం. ఈ వారం ఆ మైదానానికి వెళ్లినవాళ్ల ఛాతీ మీద ఉన్న బిళ్లల సంగతి. ఇవాళ వేలంపాటల్లో, పాతసామాన్ల సంతల్లో వేలాదిగా తిరుగుతున్న ఈ బిళ్లల్లో ఏది అసలు, ఏది నకిలీ అన్న ప్రశ్న పైకి వ్యాపారుల గొడవలా కనిపిస్తుంది. నా లెక్కలో ఇది చరిత్ర ప్రశ్నే. ముందువైపు బొమ్మ ఎవడైనా చూసి దింపగలడు. ఆ దేశపు కరువు, గుమాస్తాగిరీ, ఫ్యాక్టరీ పద్ధతి మాత్రం వెనకవైపు దాక్కుని ఉంటాయి. అందుకే అనుభవమున్నవాడు బిళ్ల చేతికి రాగానే ముందు తిప్పి చూస్తాడు.

ముందుగా, ఇన్ని బిళ్లలు ఎందుకు పుట్టాయి? జర్మనీలో సభకు వెళితే గుర్తుగా బిళ్ల కొనుక్కోవడం నాజీలకన్నా పాత అలవాటు. పాటల సంఘాలు, వ్యాయామ సంఘాలు, మాజీ సైనికుల సంఘాలు, సోషల్ డెమొక్రాట్లు అందరూ బిళ్లలు కొట్టించారు. ‘స్టాల్‌హెల్మ్’ అనే మాజీ సైనికుల సంస్థ 1927లో బెర్లిన్‌లో, 1930లో కోబ్లెంజ్‌లో, 1931లో బ్రెస్లావులో పెట్టిన భారీ సభలకు విడివిడిగా బిళ్లలున్నాయి. నాజీలు ఆ అలవాటును ఒక యంత్రాంగంగా మార్చారు. బిళ్ల అంటే పార్టీకి డబ్బు, సభలో హాజరీ. పెట్టుకోనివాడెవడో వీధిలో ఇట్టే తెలిసిపోతుంది కాబట్టి అదొక నిఘా కూడా. చలికాలపు సహాయనిధి పేరుతో 1933 నుంచి వీధుల్లో అమ్మిన బిళ్లల ధర 20 ఫెనిగ్‌లు. రేకు, గాజు, పింగాణీ, కర్ర, కాగితం, ఆంబర్ ఇలా వేల రకాలు చేశారు. డబ్బా పట్టుకుని వచ్చినవాడికి ‘ఇప్పటికే వేశాను’ అని చూపించడానికి అదే రసీదు.

న్యూరెంబర్గ్ మహాసభలు 1933 నుంచి 1938 దాకా ఏటా జరిగాయి. ప్రతి సభకూ ఒక పేరు. 1935 సభ పేరు ‘స్వాతంత్ర్య మహాసభ’. ఆ సభ జరుగుతున్నప్పుడే, సెప్టెంబరు 15న, యూదుల పౌరసత్వాన్ని ఊడలాగిన న్యూరెంబర్గ్ చట్టాలను ప్రకటించారు. ఆ ఏడాది బిళ్ల చేతిలోకి తీసుకున్నప్పుడు ఈ సంగతి మరచిపోయి లోహం గురించే మాట్లాడేవాళ్లంటే నాకు కొంచెం చిరాకు. 1939 సభకు పెట్టిన పేరు ‘శాంతి మహాసభ’. సెప్టెంబరు 2న మొదలవాలి. సెప్టెంబరు 1న హిట్లర్ పోలండు మీద దాడి చేశాడు, సభ రద్దయింది. అయితే బిళ్లలు ముందే తయారైపోయాయి. అందుకని 1939 అని ఉన్న బిళ్ల కనిపిస్తే, జరగని సభకు బిళ్లేమిటని విసిరికొట్టకూడదు. తేదీల జ్ఞానం సగమే ఉంటే ఇలాంటి తప్పు తీర్పులే వస్తాయి.

ఇక తిప్పి చూద్దాం. ఈ బిళ్లల్లో ఎక్కువ భాగం పలుచని రేకును ఉక్కు అచ్చుల మధ్య పెట్టి ఒత్తి తీసినవి. సేకర్తలు వీటిని ముద్దుగా ‘టిన్నీలు’ అంటారు. దేవుడి విగ్రహానికి తొడిగే వెండి రేకు కవచంలాగా ముందు ఎత్తుగా ఉన్నచోట వెనక గుంటగా ఉంటుంది. గద్ద ఈక ముందు ఎంత స్పష్టమో వెనక దాని నీడ అంత స్పష్టం. అంచు దగ్గర కత్తిరించిన గీత పదునుగా, ఒకే దిశలో కనిపిస్తుంది. నకిలీల్లో చాలావరకు పోత పోసినవి. ఒక అసలు బిళ్లను రబ్బరు మూసలో ముద్ర తీసి, అందులో సీసం, తగరం కలిసిన మెత్తని లోహం పోస్తారు. లోహం చల్లారేటప్పుడు కుంచించుకుపోతుంది కాబట్టి పోత బిళ్ల అసలుకన్నా రవ్వంత చిన్నదవుతుంది. పది రెట్ల భూతద్దం కింద పెడితే అక్షరాల మూలలు గుండ్రబడి ఉంటాయి, బల్లపరుపు జాగాలో సూదిమొనలంత గుంటలు కనబడతాయి, అంచు చుట్టూ రెండు మూసలు కలిసిన గీతను ఆకురాయితో రుద్దిన గుర్తులుంటాయి. అసలు బిళ్లలో అచ్చు పగులు ఉన్నా అది ఉబ్బిన సన్నగీతలా పదునుగా ఉంటుంది. ఒకే అచ్చు మీద వేల బిళ్లలు కొడుతున్నకొద్దీ ఆ పగులు పెరుగుతుంది. ఆ పెరుగుదలను బట్టి ఏ బిళ్ల ముందు కొట్టారో, ఏది తర్వాత కొట్టారో చెప్పగలిగినవాళ్లున్నారు. ఓపిక గల మనుషులు!

తర్వాత పిన్ను. ఆనాటి రేకు బిళ్లలకు సాధారణంగా సన్నని ఉక్కు పిన్ను, చుట్టిన రేకు కీలు, ఒంపు తిరిగిన చిన్న కొక్కెం ఉంటాయి. ఎనభై ఏళ్లకు పైగా తేమ తగిలిన ఉక్కు పిన్ను తన కిందనున్న రేకు మీద తుప్పు నీడ వేస్తుంది. పిన్ను తుప్పు పట్టి కింద రేకు శుభ్రంగా ఉన్నా, రేకు మీద తుప్పు గీత ఒకచోట, పిన్ను ఇంకోచోట ఉన్నా అనుమానించాలి. తిప్పితే తాళం పడే గుండ్రటి కొక్కెం ఉందంటే, అలాంటివి ఇప్పటి బ్రూచీలకు పెట్టి అమ్ముతున్నవే. టంకం కూడా చూడాలి. ఫ్యాక్టరీలో రోజుకు వందల పిన్నులు అతికించిన చేతి పని పొదుపుగా ఉంటుంది. టంకం ముద్దలుగా పొంగి ఉంటే ఎవరో ఇంట్లో కూర్చుని చేశారన్నమాట. దీనికి మినహాయింపుంది. విరిగిన పిన్నును ఆనాడే యజమాని బాగుచేయించుకుని ఉండొచ్చు. బాగుచేసిన అసలును నకిలీ అనడం కూడా అన్యాయమే.

అన్నిటికన్నా నాకు ఆసక్తి కలిగించేది వెనక కొట్టిన చిన్న ముద్ర. నాజీలు అధికారంలోకి రాగానే జర్మన్ వ్యాపారులు కాఫీ కప్పుల నుంచి మెడపట్టీల దాకా అన్నిటి మీదా స్వస్తిక వేసి అమ్మడం మొదలుపెట్టారు. గుర్తు చవకబారిపోతోందని ప్రభుత్వమే కంగారుపడి 1933 మే 19న జాతీయ చిహ్నాల రక్షణ చట్టం తెచ్చింది. 1934 డిసెంబరు 20 నాటి మరో చట్టం పార్టీ కోశాధికారి అనుమతి లేకుండా పార్టీ దుస్తులు, జెండాలు, బిళ్లలు తయారుచేసినా అమ్మినా నేరమంది. అంటే అనుమతి లేని స్వస్తిక సరుకు మీద మొదట ఉరిమింది నాజీ ప్రభుత్వమే! ఆ అనుమతులిచ్చే కార్యాలయం మ్యూనిక్‌లో ఉండేది. దాని పొట్టిపేరు ఆర్‌జెడ్‌ఎం. వలయంలో ఆ మూడక్షరాలు, పక్కన ‘ఎం1’ అని, గీత తర్వాత తయారీదారు సంఖ్య ఉంటాయి. ల్యూడెన్‌షైడ్, ఫోర్జ్‌హైమ్ లాంటి ఊళ్లలో బొత్తాలు, నగలు చేసుకునే పాత కార్ఖానాలు ఈ అనుమతుల కోసం వరుస కట్టాయి.

ఈ ముద్రే నకిలీదారుకు ఉచ్చు. ముద్ర ఉంటే నమ్మకం పెరుగుతుందని 1929 సభ బిళ్ల మీద కూడా కొట్టేస్తాడు. ఆ సభ ఆగస్టు 1 నుంచి 4 దాకా న్యూరెంబర్గ్‌లో జరిగింది. అప్పటికి ఈ అనుమతి సంఖ్యల పద్ధతి లేదు. మరి ముద్ర కనిపించగానే నకిలీ అనేయొచ్చా? అదీ కుదరదు. 1936 నవంబరులో హిట్లర్ కొన్ని పాత సభల బిళ్లలను పార్టీ గౌరవ చిహ్నాలుగా గుర్తించాడు. 1929 న్యూరెంబర్గ్ సభ, 1931 అక్టోబరులో బ్రన్స్‌విక్‌లో నాజీ పార్టీ తుపాను దళాలవాళ్లు లక్షమంది దాకా కవాతు చేసిన సభ ఆ కోవలోవి. గౌరవం దక్కాక పాత కార్యకర్తలు గట్టి లోహంతో కొత్తవి చేయించుకుని పెట్టుకున్నారు. వాటి మీద ముద్రలుండటం సహజం. కాబట్టి ముద్ర ఉన్న బ్రన్స్‌విక్ బిళ్ల 1930లలోనే చేసినది కావచ్చు, కానీ ఆ కవాతు రోజు ఎవడి ఛాతీ మీదా లేదు. అమ్మేవాడు మాత్రం ‘1931 నాటిది’ అనే అమ్ముతాడు. వస్తువు అసలే, మాట నకిలీ. ఈ రకం మోసమే ఎక్కువనిపిస్తుంది నాకు.

కోబుర్గ్ బిళ్లది ఇంకో కథ. 1922 అక్టోబరులో కోబుర్గ్ పట్టణంలో జరిగిన సభకు హిట్లర్ తన అనుచరులను రైల్లో తీసుకెళ్లి వీధిపోరు చేయించాడు. పదేళ్ల తర్వాత, 1932 అక్టోబరు 14న, ఆ రోజు వెంట ఉన్నవాళ్లకని ఒక బిళ్ల పుట్టింది. అధికారిక జాబితాకెక్కిన పేర్లు 436 మాత్రమే. పోయినవి, కరిగినవి, మ్యూజియాల్లో ఉన్నవి తీసేస్తే సంతకు రాగలిగినవి ఎన్నని! అయినా కోబుర్గ్ బిళ్లలు అమ్మకానికి వస్తూనే ఉంటాయి. ఇక్కడ భూతద్దం తీయకముందే లెక్క సగం తీర్పు చెప్పేస్తుంది.

లోహం కూడా సాక్షే. తొలి ఏళ్ల మంచి బిళ్లలు రాగి, జింకు కలిసిన టోంబాక్ అనే మిశ్రమలోహంతో చేసినవి. ముప్పైల నడుమ అల్యూమినియం దిగింది. యుద్ధం ముదిరాక రాగి తూటాలకు పోయింది, బిళ్లలకు జింకు, అదీ కరువైతే ఒత్తిన కాగితం, ప్లాస్టిక్ మిగిలాయి. జింకు మీద పూత నిలవదు, కొన్నేళ్లకు బూడిదరంగులోకి దిగిపోతుంది. కాబట్టి 1943 నాటిదని చెప్పే జింకు బిళ్ల మీద మెరుపు నిండుగా ఉంటే సంతోషపడాల్సిన పనిలేదు. ఇక వయసు తెచ్చిన రంగును నమ్ముకునేవాళ్లకు ఒక చేదు సంగతి: 1960, 70లలో తయారైన నకిలీలకు ఇప్పుడు యాభై, అరవై ఏళ్లు నిండాయి. వాటి కిలుము నిజమైనదే.

కథలను నమ్మితే ఏమవుతుందో చెప్పడానికి కొన్రాడ్ కుయావ్‌ను మించినవాడు లేడు. స్టుట్‌గార్ట్‌లో నాజీ వస్తువుల వ్యాపారం చేసేవాడు. అసలైన మొదటి ప్రపంచయుద్ధపు ఇనుప టోపీ ఒకటి చవగ్గా సంపాదించి, ఇది హిట్లర్ పెట్టుకున్నదేనని హిట్లర్ అనుచరుడు రుడాల్ఫ్ హెస్ సంతకంతో కాగితం సృష్టించి అంటించాడు. టోపీ అసలు, కాగితం నకిలీ. తర్వాత పెద్ద పనికే పూనుకున్నాడు. హిట్లర్ డైరీలు రాసేశాడు! ‘స్టెర్న్’ పత్రిక వాటికోసం 93 లక్షల మార్కులు పోసి 1983 ఏప్రిల్‌లో ప్రకటించింది. చేతిరాత నిపుణులు పోల్చి చూసి సరేనన్నారు. ఎందుకంటే హిట్లర్ రాతకు నమూనాలుగా వాళ్లకిచ్చిన వాటిలో కుయావ్ రాసినవే ఉన్నాయి. నకిలీని నకిలీతో పోల్చి అసలని తేల్చారు. రెండు వారాలు తిరక్కుండానే జర్మన్ ప్రభుత్వ ప్రయోగశాలలు గుట్టు విప్పాయి. కాగితంలో యుద్ధం తర్వాతే వాడుకలోకి వచ్చిన తెలుపునిచ్చే రసాయనం ఉంది, అది అతినీలలోహిత కాంతిలో మెరిసింది. బైండింగు దారంలో పాలియెస్టర్ ఉంది. కుయావ్‌కు నాలుగున్నరేళ్ల జైలు పడింది.

బిళ్లల లోకంలో అదే అతినీలలోహిత దీపం ఇప్పుడు జేబులో ఇమిడిపోతోంది. బిళ్లకు అంటుకున్న బట్ట, కాగితపు సంచి, వెనక జిగురు ఆ వెలుగులో నీలితెలుపుగా భగ్గుమంటే యుద్ధానంతరపు పనేమోనని అనుమానించాలి. పాత బట్టను ఎవరైనా ఈమధ్య సబ్బుపొడితో ఉతికినా అలాగే మెరుస్తుందనీ గుర్తుంచుకోవాలి. డైరీల గొడవ సేకర్తలకు ఇంకో పాఠం కూడా చెబుతోంది. కొన్ని పాత పుస్తకాల్లో నమూనాలుగా అచ్చయిన ఫొటోల్లోనూ నకిలీలున్నాయి. వాటితో పోల్చి ‘సరిగ్గా సరిపోయింది’ అని సంబరపడితే చేతిలో ఉన్నది ఏమిటో ఊహించుకోవచ్చు.

అన్నిటికన్నా తెగని చిక్కు, అసలు అచ్చుల మీదే తర్వాత కొట్టిన బిళ్లలు. వియన్నాలో రుడాల్ఫ్ సూవల్ అనే పతకాల తయారీ సంస్థ ఉండేది. యుద్ధం ముగిశాక పాత అచ్చులతోనే సేకర్తల కోసం కొట్టిన సరుకు అక్కడినుంచి వచ్చిందని ఈ రంగంలో అందరూ ఒప్పుకునే మాట. అచ్చు అదే, కార్ఖానా అదే, కాలమే వేరు. ఇందులో మన చరిత్రకూ ఒక ముడి ఉంది. 1942లో సుభాష్ చంద్రబోస్ జర్మనీలో ఉండి నెలకొల్పిన ఆజాద్ హింద్ పతకాలు తయారైంది ఈ సూవల్ దగ్గరే. షేర్-ఎ-హింద్, సర్దార్-ఎ-జంగ్, వీర్-ఎ-హింద్, షహీద్-ఎ-భారత్ అని వాటికి పేర్లు. అప్పట్లో జర్మనీలో ఇంజనీరింగ్ చదువుకుంటూ బోస్ వెంట నడిచిన హైదరాబాదీ ఆబిద్ హసన్ గురించి ఈ శీర్షిక పాఠకులకు కొత్తగా చెప్పక్కర్లేదు. ‘జై హింద్’ నినాదం ఆయనదే. 1943లో జలాంతర్గామిలో బోస్‌తో ప్రయాణించిన సహచరుడూ ఆయనే. ఆ పతకాలు నేడు వేలానికి వచ్చినప్పుడు వినిపించే మొదటి ప్రశ్న: యుద్ధంలో కొట్టినదా, తర్వాత కొట్టినదా?

కొన్నింటికి మాత్రం కాగితం సాక్ష్యం దొరుకుతుంది. సభ బిళ్లలకు చుట్టరికమున్న బంగారు పార్టీ బిళ్ల వెనక సభ్యుడి సంఖ్య చెక్కి ఉంటుంది. లక్షలోపు సంఖ్య గల, మధ్యలో పార్టీ వదలని పాతకాపులకు అది ఇచ్చేవారు. సంఖ్యను సభ్యుల జాబితాతో పోల్చి చూడొచ్చు. ఆ జాబితా మిగలడమే విచిత్రం. 1945 ఏప్రిల్‌లో పార్టీ వాళ్లు కోటికి పైగా కార్డులను లారీల్లో మ్యూనిక్ శివార్లలోని ఒక కాగితపు మిల్లుకు పంపి గుజ్జు చేయమన్నారు. మిల్లు యజమాని హాన్స్ హూబర్ చేస్తున్నట్టే నటించి, చిత్తుకాగితాల గుట్టల కింద దాచి అమెరికన్లకు అప్పగించాడు. అవి బెర్లిన్‌లో అమెరికన్ల అధీనంలో ఉండి, 1994లో జర్మన్ జాతీయ అభిలేఖాగారానికి చేరాయి. సభ బిళ్లలకు అలాంటి సంఖ్య లేదు. వాటికి వెనకవైపే సాక్ష్యం.

చట్టం సంగతి రెండు ముక్కల్లో. జర్మనీలో ఇలాంటి గుర్తులను బహిరంగంగా ప్రదర్శించడం శిక్షాస్మృతి 86ఎ సెక్షన్ కింద నేరం. పరిశోధనకు, బోధనకు, కళకు మినహాయింపుంది. 1957 చట్టం సైనిక పతకాలను స్వస్తిక తీసేసిన రూపంలో పెట్టుకోనిచ్చింది, పార్టీ బిళ్లలకు మాత్రం ఏ రూపంలోనూ చోటివ్వలేదు. ఆస్ట్రియాలో 1960 నుంచి బిళ్లలకే ప్రత్యేక చట్టముంది. 2019లో మ్యూనిక్ వేలంలో హిట్లర్ టోపీ, మరికొన్ని వస్తువులను లెబనాన్‌లో పుట్టిన స్విస్ వ్యాపారి అబ్దల్లా షతీలా సుమారు 6 లక్షల యూరోలు పెట్టి కొని, నాజీ అభిమానుల చేతిలో పడకుండా ఒక యూదు సంస్థకు ఇచ్చేశాడు. ధరలు అంత పైకి పోతున్నంతకాలం నకిలీల కొలిమి ఆరదు. చరిత్ర తెలుసుకోవాలనుకునేవాడికి నా సలహా వేరు: స్టాల్‌హెల్మ్ బిళ్లలు, కార్మిక సంఘాల బిళ్లలు, 20 ఫెనిగ్‌ల గాజుబిళ్లలు చూడండి. వాటికి గిరాకీ తక్కువ కాబట్టి మోసమూ తక్కువ, ఆ కాలపు వీధి జీవితం మాత్రం వాటిలోనే ఎక్కువ.

చివరగా పాఠకులకు ఒక విన్నపం. రెండో ప్రపంచ యుద్ధంలో ఇటలీలో జర్మన్లతో పోరాడిన ‘మద్రాస్ సాపర్స్’ అనే సైనిక ఇంజనీర్ల దళాల్లో తెలుగువాళ్లూ ఉన్నారు. మీ తాతగారో ముత్తాతగారో ఆ దళాల్లో పనిచేసి ఉంటే, వారి ట్రంకుపెట్టెలో ఎప్పుడైనా పరాయి దేశపు బిళ్ల దొరికితే, దయచేసి చింతపండు పెట్టి తోమకండి. అలా తోమితే ఈ వ్యాసంలో చెప్పిన సాక్ష్యాలన్నీ ఒక్క పూటలో పోతాయి. దొరికింది దొరికినట్టే ఒక కాగితం పొట్లంలో పెట్టి, ఏ పెట్టెలో, ఏ ఉత్తరాలతో, ఏ పే బుక్కుతో కలిసి ఉందో తేదీ వేసి రాసి, ఆ రాతను దాంతోనే ఉంచండి.